అట్టల మేస్త్రి ముక్కు

మా ఆయన్ని ఈ వీధిలో అందరూ అట్టల మేస్త్రి అంటారు. మొదట్లో ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండేది. మనిషి చేసేది ఇనప రేకు పని, పేరు మాత్రం అట్టలదా అని. బండ్లకు పెట్రోలు ట్యాంకులు కట్టడం ఆయన వృత్తి. ఎత్తు పెంచిన బండ్లు, పెద్ద చక్రాలు వేయించుకున్నవి, కొండల్లోకీ ఇసకల్లోకీ పోయేవి, కంపెనీ ట్యాంకు సరిపోక మా షెడ్డుకు వస్తాయి. ఆయన రేకు ముట్టుకునే ముందు చెప్పుల పెట్టెలూ ఫ్రిజ్ పెట్టెలూ కోసి, టేపు అంటించి, అట్టతో ట్యాంకు చేసి, బండి కింద పట్టి చూసుకుంటారు. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే దాన్ని వదిలేసి అది వచ్చిన పెట్టెను తడిమి చూసే మనిషిని నేను ఈయన్నొక్కరినే చూశాను.

కుర్రతనంలో మేనమామ దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఒక పెద్ద రేకు తప్పు కోశారట. ఆ మేనమామ వీధి చివరిదాకా వినపడేలా తిట్టాడట. ఆ తిట్లకు భయపడి మొదలుపెట్టిన అట్టలు ఇప్పటిదాకా మానలేదు. "నిన్ను చేసుకున్నాక తిట్లంటే భయం పోయింది కానీ, అట్టలు అలవాటైపోయాయి" అంటారు. ఇలాంటివి మాత్రం చక్కగా వస్తాయి నోటికి.

షెడ్డులో సగం ఆయనది, సగం నాది. నేను బండి సీట్లకు కవర్లు కుడతాను. మధ్యలో గోడ కట్టించమని పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. "గోడెందుకే, నువ్వు తిట్టేది నాకు వినపడొద్దూ?" అన్నారు. నవ్వొచ్చి ఊరుకున్నాను. ఇక గోడ మాట ఎవరూ ఎత్తలేదు.

చుట్టుపక్కల షెడ్లవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేది అట్టల కోసం కాదు, ముక్కు కోసం. పాత ట్యాంకుకు చిల్లు పడితే వెల్డింగు పెట్టాలి. లోపల పెట్రోలు ఆవిరి పిసరంత మిగిలినా మంట తగలగానే పేలుతుంది. దాని మీదికి వంగి ఉన్న మనిషి బతకడం కష్టం. అందుకని వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి కడుగుతారు, ఆరబెడతారు, మళ్ళీ కడుగుతారు. అప్పుడు మా ఆయన మూత తీసిన కంతలో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, "ఉంది" అనో "పోయింది" అనో అంటారు. ఉందంటే ఇంకోసారి కడగాలి. పోయిందంటే వెల్డింగు టార్చి వెలిగించొచ్చు. పక్క షెడ్డు రేడియేటర్ మేస్త్రి, నన్ను చెల్లెమ్మా అనీ ఆయన్ని బావా అనీ పిలిచే మనిషి, తను కడిగిన ట్యాంకుల్ని కూడా చంకనేసుకుని వచ్చి ఈయనకు వాసన చూపించి తీసుకెళ్ళేవాడు.

ఒక వానాకాలం ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక లేచారు, తిరిగారు, పనిలో పడ్డారు. నాకేం అనుమానం రాలేదు. కూర మాడినా నోరెత్తకుండా తింటుంటే, ఇన్నేళ్ళకు మనిషికి బుద్ధొచ్చింది కాబోలు అని లోపల్లోపల సంతోషించాను కూడా.

అప్పుడే పశువుల డాక్టరమ్మ వచ్చింది. కొండ మీది ఊళ్ళకు తిరిగి ఆవులకూ మేకలకూ టీకాలు వేస్తుంది. పాత పెట్రోలు జీపును ఎత్తు పెంచి, స్ప్రింగులు మార్పించి, నా నడుము దాకా వచ్చే చక్రాలు వేయించింది. అంతా బాగానే ఉంది కానీ, పెట్రోలు ట్యాంకు మాత్రం సీటు కింది పాత చిన్నదే. పైన ఎక్కడా పెట్రోలు బంకు లేదు. క్యాన్లలో పోసి బండిలోనే పెట్టుకుని పోతోంది.

"వెనక మందుల పెట్టెలు, పక్కన పెట్రోలు క్యాన్లు, మధ్యలో నేను. పైకెళ్ళేసరికి తల పగిలిపోతోంది మేస్త్రిగారూ" అంది.

వెనక, బండి కింది ఛాసిస్ చట్రం మధ్యలో ఇంకో ట్యాంకు కావాలంది. పాత సామాను దుకాణంలో కొన్న ట్యాంకొకటి దించి, దీన్నే కోసి పొడుగు చేసి పెట్టమంది. దుకాణంవాడు కడిగే ఇచ్చాడని కూడా చెప్పింది. మా ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, "పోయింది. రేపు కోసేద్దాం" అన్నారు.

ఆ వాసన మిషను దగ్గర కూర్చున్న నాకు గుప్పున కొడుతోంది. బల్లకూ నాకూ మధ్య రెండు సోఫాలు పడతాయి.

ఆవిడ వెళ్ళేదాకా ఎలాగో పళ్ళ బిగువున కూర్చున్నాను. వెళ్ళగానే లేచి ఆ ట్యాంకు పట్టుకున్నాను.

"ఏమండీ, ఇందులో పోయిందా? పెట్రోలు బంకులో నిలబడ్డట్టుంది నాకు! వేళాకోళమా?"

ఆయన ఇంకోసారి వంగి వాసన చూశారు. తర్వాత నా రబ్బరు జిగురు డబ్బా తీసి చూశారు, ఆ ఘాటుకు నాకే కళ్ళు నీళ్ళు తిరుగుతాయి. మూత పెట్టేసి స్టూలు మీద కూర్చున్నారు.

"జ్వరం తర్వాత ఏదీ తెలియట్లేదే. కొంచెం కొంచెం వస్తుందేమో అనుకున్నా."

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. రేపు కోసేద్దాం అన్న మనిషి రేపు నిజంగానే కోసేవారు. టార్చి పట్టుకుని ఆ ట్యాంకు మీదికి వంగేవారు. నేను పక్కనే ఏ సీటో కుట్టుకుంటూ ఉండేదాన్ని. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని విన్నారు.

"ఎవరితోనూ అనకు. ముక్కు పోయిందని తెలిస్తే నా దగ్గరికి ఎవడొస్తాడు?" అన్నారు చివర్లో.

"నేను చూసి చెబుతాను వాసన. నా ముక్కుకేం రోగం?"

"వద్దు. మంట పెట్టేది నేను. నా ముక్కుతో నేను చూసుకుంటేనే నా చెయ్యి కదులుతుంది" అని లేచిపోయారు.

మర్నాడు డాక్టరమ్మకు చెప్పారు, పాత ట్యాంకుకు అతుకులేస్తే కొండ దారిలో నిలవదు, కొత్త రేకుతో కట్టి ఇస్తానని. అది అబద్ధమేం కాదు. కానీ అసలు కారణం నాకు తెలుసు. కొత్త రేకు పెట్రోలు ముఖం చూడలేదు, దానికి ముక్కుతో పనిలేదు. ఇక మీదట కొత్త ట్యాంకులే చేస్తారట, పాతవి ముట్టుకోరట. ఆ మాటతో నా ప్రాణం కాస్త కుదుటపడింది.

జీపును ఎత్తి నిలబెట్టి, కింద చాప వేసుకుని పడుకున్నారు. ఛాసిస్ రెండు కమ్మీల మధ్య ఎంత చోటుందో, ఇరుసు పైకి లేస్తే ఎక్కడిదాకా వస్తుందో, సైలెన్సర్ గొట్టం వేడి ఎక్కడ తగులుతుందో, అన్నీ అట్టముక్కలు కోసి దూర్చి చూశారు. నాలుగైదు అట్ట ట్యాంకులు తయారయ్యాయి. ఒకటి ఇరుసుకు తగిలింది, ఒకటి లోపలికి దూరింది కానీ బయటికి రానంది. చివరిది అడుగు వాలుగా, వెనక మధ్యలో చిన్న గిన్నెలా లోతుగా వచ్చింది.

"జీపు కొండెక్కేటప్పుడు పెట్రోలంతా వెనక్కి పోతుంది. దిగేటప్పుడు ముందుకొస్తుంది. పక్కకి ఒరిగితే పక్కకి. అడుగున మిగిలే కాస్తా ఈ లోతులో నిలబడాలి, గొట్టం ఇక్కడి నుంచి పీల్చాలి. లేకపోతే ట్యాంకులో పెట్రోలుండగానే బండి ఆగిపోతుంది" అని నాకు చెప్పారు. నేను అడగలేదు, అయినా చెప్పారు. ఆయన అంత మాట్లాడి చాలా రోజులైంది, అందుకని మిషను ఆపి విన్నాను.

ఆ తర్వాత అట్ట ట్యాంకు లోపల ప్లాస్టిక్ సంచి పరిచి, నీళ్ళు పోసి, ఒక కొస నన్ను పట్టుకోమన్నారు. కొండెక్కినట్టు ఆయన వంచుతారు, దిగినట్టు నేను వంచాలి. నీళ్ళు ఎటు పోతున్నాయో వంగి చూస్తున్నారు. "ఇప్పుడు పక్కకి, మెల్లగా, ఓయ్ మెల్లగా" అంటుండగానే అట్ట నాని చీలిపోయింది, నీళ్ళన్నీ నా కొత్త రెక్సిన్ చుట్ట మీద పడ్డాయి.

"అయ్యో నా రెక్సిన్! మీ కొండలూ లోయలూ అన్నీ నా సామాను మీదేనా?"

"లోతు సరిపోయింది చూశావా?" అన్నారాయన, నా మాట చెవిన పడనట్టే.

రేకు పని మొదలైంది. పెట్రోలు ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకోకుండా లోపల అడ్డరేకులు పెట్టారు, వాటి మూలలు కత్తిరించి పెట్రోలుకు దారి వదిలారు. పీల్చే గొట్టం కొసను అడుగుకు ఆనించకుండా వేలెడు ఎత్తులో ఆపారు, మట్టి కింద దిగాలని. అన్నీ ఎప్పటిలాగే చేశారు కానీ, ఏదో తేడాగా ఉంది. అడ్డరేకులు రెండు చాలే చోట మూడు వేశారు. రేకు కూడా ఎప్పటికంటే మందం. ట్యాంకును ఛాసిస్‌కు తగిలించే రేకు చెవులు ఎప్పుడూ మూడే పెట్టేవారు, ముందు రెండు, వెనక ఒకటి. దీనికి నాలుగు పెట్టి, కుదుపు తట్టుకునే రబ్బరు బుష్‌లు తీసేసి గట్టిగా బోల్టులు బిగించారు.

"నాలుగెందుకండీ?" అన్నాను.

"పెద్ద ట్యాంకు కదా. ఊడితే?" అని విసుక్కున్నారు.

అప్పట్లో నేను రెట్టించలేదు. భయం పట్టిన మనిషి ఒకటికి రెండు చేసుకుంటాడు, చేసుకోనీ అనుకున్నాను. గాలి కొద్దిగా ఎక్కించి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాశారు. ఒక్క బుడగ లేవలేదు. బిగించి, పెట్రోలు పోసి, డాక్టరమ్మకు తాళం ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూస్తే నాకు ముచ్చటేసింది. రేడియేటర్ మేస్త్రి పాత ట్యాంకు తెస్తే మాత్రం, జలుబుగా ఉంది తర్వాత చూద్దామని పంపేశారు. అతను "ఎన్నాళ్ళు బావా ఈ జలుబు?" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

డాక్టరమ్మ కొండెక్కి దిగి, మళ్ళీ మా షెడ్డు ముందు ఆగింది. జీపు లోపలికి రాకముందే నాకు తెలిసిపోయింది. మిషను మీదున్న కాలు ఆగిపోయింది.

"మేస్త్రిగారూ, బండి అద్భుతంగా ఎక్కింది. చివరి చుక్క దాకా పీల్చింది. కానీ కిందికొచ్చి మళ్ళీ నింపించినప్పటి నుంచి వాసనొస్తోంది" అంది.

ఆయన చాప వేసుకుని కిందికి దూరారు. వెనక మూల, నాలుగో చెవి దగ్గర అతుకు వెంట్రుకవాసి విచ్చుకుంది. తడిగా మెరుస్తోంది. ఆయన బయటికొచ్చి నేల మీదే కూర్చుండిపోయారు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు ఆయనకు.

"గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుందమ్మా. మూడు చోట్ల పట్టుకుంటే ట్యాంకు దాని దారిన అది ఊగుతుంది, మూడు కాళ్ళ స్టూలు ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా ఉన్నట్టు. నేను నాలుగు పెట్టి బిగించేశాను. ఛాసిస్‌తో పాటు దాన్నీ పిండింది. భయంతో చేశాను, చెడగొట్టాను" అన్నారు.

ఆ నాలుగో చెవి కోసేసి, మూల విప్పి మళ్ళీ వెల్డింగు పెట్టాలి. కానీ ఇది ఇప్పుడు కొత్త రేకు కాదు, కడుపు నిండా పెట్రోలు తాగిన ట్యాంకు. డాక్టరమ్మకేమో తొందర. పైన మందల్లో రోగం మొదలైందట, మంచుపెట్టెలో టీకా మందు ఎన్నాళ్ళో ఆగదట. వేరే షెడ్డుకు పంపేద్దామండీ అని నేను చెవిలో అన్నాను.

"ఎక్కడికి పంపినా కడిగి, వాసన చూడమని నా దగ్గరికే తెస్తారు కదే" అన్నారు.

అదీ నిజమే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ట్యాంకు దించి, పెట్రోలు వంపేసి, సోడా నీళ్ళు కాచి కడిగారు. రేడియేటర్ మేస్త్రి కూడా సాయం పట్టాడు. ఆరాక ట్యాంకును బల్ల మీదికి ఎక్కించారు. ఆయన అలవాటుగా కంత మీదికి వంగారు, కళ్ళు మూసుకున్నారు. మేమంతా చుట్టూ ఉన్నాం. ఆయన అలాగే చాలాసేపు ఉండిపోయారు. పోయింది అంటారేమోనని నేను ఆయన నోటివంకే చూస్తున్నాను. అంటే నలుగురిలో పరువు తీసైనా సరే అడ్డుపడదామని ముందుకు జరిగాను.

ఆయన నడుము నిటారు చేసి, రేడియేటర్ మేస్త్రి వైపు తిరిగారు.

"బావా, నాకు జలుబు కాదు. జ్వరం తర్వాత ముక్కు పోయింది. నాకేం తెలియట్లేదు."

"నాతో ఒక్క మాట అనకూడదా బావా?" అన్నాడతను. గొంతులో కోపం కంటే బాధే ఉంది. "సర్లే, జరుగు. నేను చూస్తాను."

"నువ్వొద్దు. నువ్వు నా మొహం చూసి మొహమాటపడతావు, తొందరగా పోయిందనేస్తావు. ఆవిడ చూస్తుంది. ఇన్నేళ్ళలో నేను చేసింది బాగుందని ఒక్కసారి తేలిగ్గా ఒప్పుకున్న మనిషి కాదు" అని నా వైపు చూపించారు.

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను చూస్తానన్నప్పుడు అదేదో కూర ఉప్పు చూసినంత తేలిగ్గా అన్నాను. ఇప్పుడు ఆ కంత మీదికి వంగితే తెలిసింది. నేను చెప్పబోయే ఒక్క మాట మీద ఈయన ప్రాణం ఉంది.

"ఉంది" అన్నాను. నిజంగానే ఉంది. ఆయన ట్యాంకు ఎత్తుకెళ్ళి కడిగి తెచ్చారు.

రెండోసారి పల్చగా ఉంది. అదే చెప్పాను. మళ్ళీ కడిగారు.

తర్వాత చూసినప్పుడు నాకేమీ రాలేదు. సోడా వాసన, తడి ఇనుము వాసన, అంతే. బయటికెళ్ళి గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ చూశాను. ఏమీ లేదు. పోయింది అందామని నోరు తెరిచాను. ఎప్పుడూ నాకంటే ముందు పరిగెత్తే నా నోరు ఆ పూట కదల్లేదు.

"ఉంది" అన్నాను.

ఆయన కిక్కురుమనకుండా ఎత్తుకెళ్ళి కడిగారు. తెచ్చి పెట్టారు. చూశాను. "ఇంకా ఉంది" అన్నాను. రేడియేటర్ మేస్త్రి ఉండబట్టలేక తనూ ముక్కు పెట్టి చూశాడు.

"ఇందులో ఏముంది చెల్లెమ్మా, సబ్బు వాసన తప్ప?"

"ఆవిడ ఉందంటే ఉంది బావా, పక్కకి జరుగు" అని మా ఆయన మళ్ళీ ట్యాంకు ఎత్తుకున్నారు. సోడా నీళ్ళలో నాని ఆయన వేళ్ళు తెల్లగా ముడతలు పడిపోయాయి. పొయ్యి మీద నీళ్ళు కాగే దాకా అక్కడే గొంతుక్కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"పోయిందండీ. ఇందాకే పోయింది" అన్నాను.

"తెలుసు" అన్నారు.

"తెలిస్తే మరి ఎందుకు కడుగుతున్నారు?"

"నువ్వు చెప్పలేదుగా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, ఆయన వెనకాలే లోపలికి నడిచాను. అందరి ముందూ ఇంకోసారి వంగి, నిండుగా పీల్చి, "పోయింది" అని గట్టిగా చెప్పాను. ఆయన ట్యాంకును ఓరగా వాల్చి, విచ్చుకున్న మూలా మూత కంతా పైకి వచ్చేలా నిలబెట్టి, లోపల ఆవిరికి చోటు మిగలకుండా, అతుకు దగ్గర కాస్త మాత్రం వదిలి నీళ్ళు నింపారు. అందరినీ బయటికి వెళ్ళమన్నారు. డాక్టరమ్మ వెళ్ళింది, రేడియేటర్ మేస్త్రి వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

"నువ్వు కూడా" అన్నారు.

"నా మాట మీద మీరు వంగుతున్నారు. నేను బయట నిలబడితే అదేం మాటండీ? నేనెక్కడికీ పోను."

ఆయన నా వైపు ఒక్క నిమిషం చూశారు. వెళ్ళిపో అని ఇంకోసారి అంటారనుకున్నాను. గోడకున్న రెండో జత వెల్డింగు నల్ల కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, నా చేతికిచ్చారు. నేను పెట్టుకున్నానో లేదో చూసుకుని, టార్చి వెలిగించారు.